రొయ్య పెంకుల పొడి

హైదరాబాద్ ల్యాబ్ వాళ్లతో మాట్లాడి ఫోన్ పెట్టేసిన నాగమల్లేశ్వరికి ఒళ్లు మండిపోయింది. ఎవరి మీద మండిపడాలో తెలియకపోవడం ఇంకో మంట.

2004 నాటికి మూడేళ్లుగా ఆమెది ఒకటే పని. జబ్బుపడ్డ కణంలోకి మంచి జన్యువును చేరవేయాలి. చాలామంది వైరస్‌కెక్కించి పంపుతారు. అది ఒక్కోసారి రోగి ప్రాణం మీదికే తెస్తుంది. వైరస్ ఊసే లేకుండా, రొయ్య పెంకుల నుంచి తీసిన పొడిలో చుట్టి పంపాలని ఈమె పంతం. బందరు పక్కన గిలకలదిండిలో పుట్టిన పిల్లకి పెంకులకేం కరువు? కరువల్లా ఫలితానికే. జన్యువు లోపలికి వెళ్తే, నీలికాంతి మైక్రోస్కోపు కింద కణం ఆకుపచ్చగా మెరవాలి. హైదరాబాద్ ల్యాబ్‌కి పొడి పంపి ముప్ఫై ఒక్కసార్లు చూశారు, అంతా చీకటే.

ముప్ఫై రెండోసారి మెరిసింది. గైడు శోభనాద్రి గారు కాలేజీ అంతా లడ్లు పంచారు. సోమవారం నిధులిచ్చే కమిటీకి ఆ ఫోటోలు చూపిస్తేనే ప్రాజెక్టు నిలుస్తుంది, లేదంటే మూసేస్తారు.

ఇప్పుడేమో జన్యువు కలపని ఉత్త పొడి వేసినా కణాలు అలాగే మెరుస్తున్నాయట. ఆ పరీక్ష ముందే చేయాల్సింది. సంబరంలో పడి వాయిదా వేసింది తనే.

విసవిసా ఇంటికొచ్చింది. కాలేజీలో ఓవెన్ పాడయ్యాక, కడిగిన పొడిని డాబా మీద చాపేసి ఎండబెడుతోంది. అక్కడ వాళ్లమ్మ ముత్యాలమ్మ ఆ పొడి మీద ఏదో చల్లుతోంది.

"ఏంటమ్మా అది?"

"పసుపేనే. ఈగలు ముసురుతుంటే చూస్తా ఎట్టా ఊరుకోను? పసుపు చల్లకుండా మనింట్లో ఏ రొయ్య ఎండింది?"

పోయిన నెల నుంచీ చల్లుతోందట. ఆ పొడి రంగు ఎటూ లేత పసుపే, కంటికేం తెలుస్తుంది? పసుపు ఆ మైక్రోస్కోపు కింద ఆకుపచ్చగా వెలుగుతుందని మాత్రం నాగమల్లేశ్వరికి బాగా తెలుసు. అరవబోయి ఆగింది. అక్కడే నిలబడి గైడుకి ఫోన్ చేసింది.

"మాస్టారూ, కణాల్లో మెరిసింది మా అమ్మ చల్లిన పసుపండీ. ఆ ఫోటోలు చూపించకండి."

సరేనమ్మా అని ఆయన ఫోన్ పెట్టేశారు.

ముత్యాలమ్మకి సగమే అర్థమైంది. గబగబా చాప దులిపేసి, లోపలికెళ్లి విసనకర్ర తెచ్చుకుని పక్కనే చతికిలబడింది.

"ఇంక పసుపెయ్యన్లే. మళ్లీ తెచ్చి ఆరబొయ్యి. ఈగలు వాలకుండా రోజంతా నేనే విసురుతా."

సోమవారం తర్వాత ఆరబోయడానికేమీ ఉండదని ఆమెకెలా చెప్పాలో నాగమల్లేశ్వరికి తోచలేదు.