ప్లగ్గు క్యాపులకు గ్రీజు

కారు ప్లగ్గు క్యాపులు ఊడదీయడమంటే ఆ మొగుడూపెళ్ళాలకు పెద్ద యుద్ధమే. స్పార్కు ప్లగ్గుల మీది ఆ రబ్బరు తొడుగులు ఇంజను వేడికి కరుచుకుపోయేవి. ఆయన వాటిని మెలితిప్పుతూ తిట్టేవాడు, ఆమె టార్చి పట్టుకుని ఎదురు తిట్టేది.

"బిగించేటప్పుడే లోపల కాస్త గ్రీజు రాయమని ఎన్నిసార్లు మొత్తుకోవాలి?"

"రాయకపోతే ఏం? నేనున్నానుగా, నేనే పీక్కుంటా!"

ఆయన పోయిన కొన్నాళ్ళకు కారు మొరాయించింది. మెకానిక్కును పిలవడానికి ఆమెకు మనసొప్పలేదు. పట్టకారు పక్కన పెట్టుకుని, పళ్ళ బిగువున మొదటి క్యాపు మెలితిప్పింది. అది ఇట్టే చేతిలోకొచ్చేసింది. రెండోదీ అంతే, మిగతావీ అంతే. లోపల తెల్లటి గ్రీజు, పొందిగ్గా రాసి ఉంది.

కిందటిసారి టార్చి పట్టమని ఆయన పిలవలేదు. ఆసుపత్రి నుంచి వచ్చి, "ఏం లేదంట, ఉత్త గ్యాసు నొప్పేనంట" అంటూ నేరుగా కారు దగ్గరికి వెళ్ళి, ఒక్కడే అంతా చేసుకున్నాడు.

"అబద్ధాలకోరు మనిషి! ఆ ముక్క నాతో చెప్పి ఏడవొచ్చుగా!" అని ఆమె ఇంజను మీద అరిచింది.

ఎదురు తిట్టేవాళ్ళెవరూ లేరు.