మెడ దొరికే డేటాబేసు

ఆరు నెలలు రెండు డేటాబేసులను పక్కపక్కనే నడిపి పోల్చాను. ఒకటి కొనేది, ఒకటి ఉచితం. మా కరగందా బొగ్గు గనిలోకి ఎవరు ఎన్నింటికి దిగారో, ఎన్నింటికి పైకి వచ్చారో రాసిపెట్టడం వాటి పని. రెండూ ఒక్క పేరు కూడా పోగొట్టలేదు. ఉచితమే చాలని నివేదిక రాశాను.

డైరెక్టర్ బెకారిస్ సుల్తానోవిచ్ దాన్ని బల్ల మీదకు విసిరాడు.

"రినాత్, ఊరికే వచ్చింది రేపు చెడిపోతే ఎవడి మెడ పట్టుకోవాలోయ్? కొన్నదానికైతే ఒక కంపెనీ ఉంటుంది, ముద్ర ఉంటుంది. మార్చి రాసుకురా."

మార్చి రాశాను. కింద సంతకం పెట్టాను. ఎదురు చెప్పే ధైర్యం నాకు ఏనాడూ లేదు. ఉచిత డేటాబేసు నడిచే యంత్రాన్ని నా చేత్తోనే ఆపాను. రెండు చోట్ల రాయడం నిబంధనలకు విరుద్ధమని, గనిలోకి దిగేవాళ్ళకు దీపాలిచ్చే గదిలోని కాగితం పుస్తకాన్నీ డైరెక్టర్ తీయించేశాడు.

ఏడాదికి లైసెన్సు గడువు తీరింది. పొడిగింపుకు పై అధికారుల ముద్రలు మూడు కావాలి, రెండే పడ్డాయి. ఆ మంగళవారం పొద్దున తెర పాత పేర్లు చూపిస్తోంది గానీ కొత్తవి తీసుకోవడం లేదు.

"ఏం చెయ్యమంటావు తమ్ముడూ?" అంది దీపాలిచ్చే గుల్యాన్ అక్క.

"రేపటికి సరైపోతుందిలే అక్కా. దిగనివ్వు," అన్నాను. కాగితమ్ముక్క మీదైనా రాసుకోమని చెప్పాలన్న బుద్ధి పుట్టలేదు.

పదకొండింటికి గని పేలింది.

రక్షక దళం నాయకుడు లోపలున్నవాళ్ళ పేర్లు అడిగాడు. కూలిన ప్రతిచోటా పేరు పెట్టి పిలుస్తారు వాళ్ళు. సొంత పేరు వినబడితే సొమ్మసిల్లుతున్నవాడు కూడా పలుకుతాడు. తెర మీద ఉన్నది నిన్నటి వాళ్ళు, ఇళ్ళల్లో హాయిగా టీ తాగుతున్నవాళ్ళు. అక్క కళ్ళు మూసుకుని పదహారు పేర్లు గబగబా చెప్పింది. పదిహేడోది గొంతులోనే ఆగింది.

"ఇంకొకరు... మా ఇంటి పెద్దాయన..."

"పేరు చెప్పమ్మా, పేరు!"

ఆయన ఆమె భర్తకు అన్న. ఇక్కడి కోడళ్ళు బావగారి పేరెత్తరు. ఇరవై రెండేళ్ళుగా ఆమె ఎత్తలేదు. పెదవులు కదిలాయి, మాట రాలేదు. ఆ పేరు నాకూ తెలియదు. నాయకుడు పదహారు పేర్లతో పరుగెత్తాడు. ఆమె బంధువునొకణ్ణి వెతికి తెచ్చి ఆ పేరు చెప్పించేసరికి రెండో పేలుడు జరిగింది.

పిలిచిన పదహారుమందిలో తొమ్మిదిమంది పలికారు, బతికారు. ఆయన్ని ఎవరూ పిలవలేదు.

విచారణలో కంపెనీ ఒప్పందం తీశారు. ఏ నష్టానికీ తమది బాధ్యత కాదని చివరి పేజీలో ఉంది. డైరెక్టర్ నా సంతకం చూపించాడు. ఆయనకు కావలసిన మెడ దొరికింది. నాకు కోపం రాలేదు, సిగ్గేసింది.

ఆయన పోయిన నలభయ్యో రోజు పెట్టే భోజనానికి గుల్యాన్ అక్క ఇంటికి వెళ్ళాను. గుమ్మంలోంచే తరిమేస్తుందనుకున్నాను. లోపలికి పిలిచి టీ పోసింది. పెద్దవాళ్ళంతా చూస్తుండగా నా ముందు ఒక కాగితం పెట్టింది.

"ఆ రోజు నీ యంత్రంలో లేదుగా. ఇందులో రాయి."

తర్వాత తలెత్తి, అందరికీ వినబడేలా పలికింది.

"ఓరింబసార్."

నేను రాశాను.