రూబీ గారి దంపుడు పాట

న్యూజిలాండ్ దేశానికి ఆఫ్రికా పాట నేర్పినవాడు శేషయ్య. కాదనేవాళ్లుంటే ఆక్లాండ్‌లో దిగి, మౌంట్ ఆల్బర్ట్ వచ్చి అడగమనండి. బందరు పక్క పల్లెటూళ్లో అయిదో తరగతితో పలక అటకెక్కించిన మనిషి, అక్కడుండే కూతురు కిరణ్మయి ఇంటికి తనొచ్చిన ఏడాదిలోపే ఈ ఘనకార్యం చేశాడు. సంగతి 2006 నాటిది.

మనవరాలు ప్రణీతకు పన్నెండేళ్లు. తెలుగు అర్థమవుతుంది గానీ నోటికి ఇంగ్లీషే ముందొస్తుంది. శనివారాలు వీధి చివరి కమ్యూనిటీ హాల్లో రూబీ గారి దగ్గర పాట నేర్చుకునేది. డెబ్భై దాటిన రూబీ గారు నల్లజాతి అమెరికన్. జార్జియా సముద్రతీరం వాళ్లది. చూడ్డానికి పుల్లలా ఉంటుంది. గొంతు విప్పిందా, గోడలు వెనక్కి జరుగుతాయి. మొదటిసారి విన్నరోజు శేషయ్య వానకు తెచ్చుకున్న గొడుగు మడవడం మరిచిపోయి, హాల్లో గంటసేపు గొడుగేసుకునే నిలబడ్డాడు.

ఆవిడ పాటల్లో ఒకటి వడ్లు దంచేటప్పటిది. ఆఫ్రికా నుంచి బానిసలుగా పట్టుకొచ్చినవాళ్లు అమెరికా వరిపొలాల్లో చాకిరీ చేస్తూ పాడుకున్నదట. ఒంటిమీద గుడ్డ కూడా తమది కాని రోజుల్లో ఆ పాటొక్కటే వాళ్ల సొంతం. అమ్మమ్మ నుంచి అమ్మకు, అమ్మ నుంచి రూబీ గారికి వచ్చింది. ఆవిడకు ఆడపిల్లల్లేరు. అందుకని ప్రణీతను ఎంచుకుంది. "జనం ముందు ఒక్కసారి చివరిదాకా నిలబెట్టు. ఇక పాట నీదే," అంది.

"జనం కావాలి తాతయ్యా. నో పీపుల్, నో సాంగ్. రూబీ చెప్పింది," అంది ప్రణీత.

శేషయ్య మీసం దువ్వాడు. "జనమేగా అమ్మడూ? నేను పట్టుకొస్తా చూడు."

ఇల్లిల్లూ తిరిగి నలభైమూడు మంది తెలుగువాళ్లను పోగు చేశాడు. అంతటితో ఊరుకున్నాడా? ఆ ఏడు ఉగాది సభలో ఓ పిల్ల నాట్యం చేస్తుంటే మనవాళ్లు పులిహోర తింటూ, వీసాల సంగతులు మాట్లాడుకుంటూ, ఆ పిల్లను ఏడిపించి దింపారు. అది ఆయన మనసులో ఉంది. హాలు గుమ్మంలో నిలబడి అందరికీ చెప్పాడు.

"నోరు విప్పారంటే మర్యాద దక్కదు. దగ్గొస్తే బయటికెళ్లి దగ్గండి. ఇదిగో అప్పారావ్, ఆ ఫోను ఆపెయ్. చప్పట్లు కూడా ఆఖర్నే."

"ఊపిరి పీల్చుకోవచ్చా బాబాయ్?" అన్నాడు అప్పారావు.

"మెల్లిగా పీల్చుకో."

ఎంత నిశ్శబ్దం అమరిందంటే, బయట స్టాపులో ఆగిన బస్సు డ్రైవరు లోపల ఎవరో పోయారనుకుని ఇంజన్ ఆపేశాడు.

రూబీ గారు వేదిక పక్కన కుర్చీలో కూర్చుని, పొడుగాటి కర్రతో చెక్క నేలమీద దెబ్బ వేయసాగింది. ప్రణీత ముందుకొచ్చి మొదటి వరుస ఎత్తుకుంది. రోలు నిండింది, నాతో ఎవరున్నారు, అని అడిగే వరుస అది. పాడి ఆగింది.

హాలంతా బొమ్మల కొలువు.

ప్రణీత మళ్లీ అడిగింది. ఉలుకూ పలుకూ లేదు. రూబీ గారు కర్ర ఆపలేదు, సాయానికీ రాలేదు. జనం వైపు తిరిగి చెవి దగ్గర చెయ్యి పెట్టింది. మూడోసారికి పిల్ల గొంతు సన్నబడింది.

పిల్ల పాట మరిచిపోయింది కాబోలు అనుకున్నాడు శేషయ్య. కర్ర దెబ్బ మళ్లీ పడింది. ఎక్కడో విన్న దెబ్బే! చిన్నప్పుడు వాళ్లమ్మా మేనత్తా ఎదురెదురుగా రోకళ్లు వేసేవాళ్లు. ఒకరు పాడితే రెండోవారు "సువ్వీ" అని అందుకోవాలి. అందుకోకపోతే పాటా ఆగేది, రోకలీ ఆగేది. పిల్ల మరిచిపోలేదు. పిల్ల బదులడుగుతోంది. బదులివ్వాల్సిన నోళ్లన్నీ కుట్టేసింది తనే!

"సువ్వీ!" అని లేచి అరిచాడు శేషయ్య.

కిరణ్మయి చొక్కా పట్టుకు లాగింది. "నాన్నా! నోరెత్తొద్దన్నది నువ్వే కదా?"

"బుద్ధి లేక అన్నాన్లేవే! అనండర్రా, పిల్ల అడుగుతుంటే గుడ్లప్పగించి చూస్తారేం? సువ్వీ!"

ముందు అప్పారావు అన్నాడు. వెనకాల ఆడవాళ్లు అందుకున్నారు. ప్రణీత ముఖం విచ్చుకుంది. తర్వాతి వరుస ఎత్తుకుంది, హాలు బదులిచ్చింది. కర్ర పడ్డ చోటల్లా నలభైమూడు కాళ్లు పడ్డాయి. పాట చివరిదాకా నడిచింది.

రూబీ గారు లేచొచ్చి ఆ మాటేమిటని ప్రణీత చేత అడిగించింది. శేషయ్య చేతులతో లేని రోకలి ఎత్తి దించి చూపించాడు. ఆవిడ ఎదురుగా నిలబడి తనూ ఒకటి ఎత్తింది. ఇద్దరూ వంతు తప్పకుండా కాసేపు గాలిని దంచారు.

"మా అమ్మమ్మ మోచెయ్యి ఇలాగే వంగేది," అందావిడ. "మాట ఏదైనా ఫరవాలేదు. బదులు రావాలి." అని కర్ర తీసి ప్రణీత చేతిలో పెట్టింది.

మొదట్లో శేషయ్య నేర్పాడన్నాను. అబ్బే, ఆయనెవరికీ ఏమీ నేర్పలేదు. నిక్షేపంలాంటి పాటను పీక నులిమినంత పని చేసి, మనవరాలి దగ్గరా రూబీ గారి దగ్గరా పాట వినడమెలాగో నేర్చుకున్నాడు. ఆ మాట ఆయనే నవ్వుతూ చెప్పుకుంటాడు.

ఇకపోతే, నలభైమూడు మంది అన్నది నా కల్పన. వచ్చింది పదకొండు మంది, అందులో ఒకడు చంటివెధవ, నిద్రపోయాడు. బస్సు డ్రైవరు సంగతి మాత్రం నిజం.