మిషను తడుస్తుందని

ఆ ఇంట్లో ఇంజన్ల గురించి మాట్లాడే హక్కు మామగారిది. జీవితమంతా బస్సు నడిపి రిటైరయ్యారు. స్టీరింగు వదిలారు గానీ డ్రైవరు హోదా వదల్లేదు. రోడ్డున పోయే స్కూటరు దగ్గినా దాని జాతకం చెప్పేవారు.

కోడలిది రంగులు కొట్టే పని. పాత కుర్చీలు, బీరువాలు తెచ్చి, గీకి, నునుపు చేసి, స్ప్రే గన్నుతో కొత్త రంగు కొట్టి ఇస్తుంది. ఇంటి వెనక రేకుల షెడ్డే ఆమె కార్ఖానా. బీరువా తలుపు సగంలో ఉండగా కరెంటు పోయి గన్ను నీరసంగా ఉమ్మడం మొదలుపెడితే ఆ పూట శ్రమంతా బూడిదలో పోసిన పన్నీరే. ఆ బాధ పడలేకే పెట్రోలుతో నడిచే గాలి కంప్రెసరు కొంది. తాడు లాగితే ఇంజను అందుకుంటుంది, ట్యాంకులో గాలి నిండుతుంది, ఆ గాలితో గన్ను నడుస్తుంది.

దాన్ని చూసుకునే బాధ్యత మామగారు ఎవరూ అడక్కుండానే నెత్తికెత్తుకున్నారు. అమ్మినవాడు చెప్పిన జాగ్రత్తలన్నీ కోడలు ఆయనకు అప్పజెప్పింది.

"దీన్నెప్పుడూ బయటే నడపాలి మామయ్యా. పొగ గదిలోకి రాకూడదు. పెట్రోలు అయిపోతే ఇంజను చల్లారాకే పొయ్యాలి."

"నాకు చెప్తున్నావా అమ్మాయ్? నేను నడిపిన బండి ముందు ఇదెంత, మిడతంత."

మర్నాడే ఆయన సెగలు కక్కుతున్న ఇంజను మీద పెట్రోలు డబ్బా వంచుతూ కనిపించారు. కోడలు పరుగున వెళ్లి డబ్బా పట్టుకుంది. ఆ వారంలోనే, సేఫ్టీ వాల్వు బుస్సుమంటూ చెవులు హోరెత్తిస్తోందని దాన్ని తీగతో బిగించబోయారు.

"అది బుస్సుమనకపోతే ట్యాంకు పగులుతుంది మామయ్యా. దాని పనే అది."

"ఊరికే అరిచేదాన్ని ఊరుకోబెట్టడం తప్పా?"

ఆమె తల ప్రాణం తోకకొచ్చింది. మొగుడితో మొరపెట్టుకుంటే, "మా నాన్న సంగతి తెలిసిందేగా, కాస్త మెల్లగా చెప్పు," అన్నాడు. మెల్లగా చెప్పింది. గట్టిగా చెప్పింది. అత్తగారితో చెప్పించింది. ఆయన పట్టిన కుందేటికి మూడే కాళ్లు.

ఒక మధ్యాహ్నం కోడలు రంగులో కలిపే థిన్నరు కోసం బజారుకు వెళ్లింది. తిరిగి వస్తుండగా దారిలో వాన పట్టుకుంది. గొడుగు లేక తడుస్తూనే ఇల్లు చేరి వెనక్కి నడిచేసరికి ఇంజను చప్పుడు తేడాగా వినిపించింది. బయట ఉండాల్సిన మిషను బయట లేదు. షెడ్డు షట్టరు మోకాలెత్తు దాకా దించి ఉంది. దాని కిందనుంచి పొగ వాన నీటి మీదుగా పాకుతోంది.

థిన్నరు డబ్బా అక్కడే వదిలేసి షట్టరు పైకి తోసింది. ఊపిరి బిగబట్టి లోపలికి దూరి, గుమ్మం పక్కనే ఉన్న ఇంజనును ఆపింది. అత్తగారు గాలి గొట్టం ఒళ్లో పెట్టుకుని, కుర్చీ కాలికి తల ఆనించి కూర్చుని ఉన్నారు. కోడలికి సాయంగా, గరుకు కాగితంతో రుద్దిన పొట్టును గాలితో ఊదుతూ ఊదుతూ అలా ఒరిగిపోయారన్నమాట. కోడలు ఆవిడ చంకల కింద చేతులు వేసి వానలోకి ఈడ్చుకొచ్చింది.

"తల పగిలిపోతోందే," అన్నారావిడ నాలుక మడతపడుతుండగా. "కాస్త కునుకు తీద్దామని..." అంతలోనే వాంతి చేసుకున్నారు.

ఇంట్లోంచి మామగారు గొడుగు వేసుకుని వచ్చారు. "అదేంటమ్మాయ్, ఆవిణ్ణి వానలో తడుపుతావేంటి? జలుబు చెయ్యదూ?"

కోడలికి నోటిదాకా ఏమేం వచ్చాయో ఆమెకే తెలుసు. అవన్నీ మింగి, "బండి పిలవండి మామయ్యా. ఆసుపత్రికి వెళ్లాలి," అంది.

ఆసుపత్రిలో అత్తగారి ముఖానికి ఆక్సిజను తొడిగారు. డాక్టరమ్మ మామగారిని అడిగింది, మిషను లోపల ఎందుకు పెట్టారని.

"వాన మొదలైందండీ. మిషను తడుస్తుందని లోపలికి లాగాను."

"ఇంజను పొగలో వాసన తెలియని విషం ఉంటుంది. నిద్ర వచ్చినట్టే ఉంటుంది, ఆ నిద్రలోంచి లేవరు. ఇంకాసేపు ఆగి ఉంటే ఈవిడ మనకు దక్కేవారు కాదు."

మామగారు బుద్ధిగా తలూపి కోడలి వైపు తిరిగారు. "విన్నావా అమ్మాయ్? జాగ్రత్తగా ఉండాలి."

ఆమె ఇక అక్కడ నిలబడలేక వరండాలోకి వచ్చేసింది. గోడకు ఆనుకుని కళ్లు మూసుకుంది. నవ్వాలో ఏడవాలో తేలలేదు. కాసేపటికి ఆయనా వచ్చి పక్కన బల్ల మీద కూర్చున్నారు. చేతిలో కాఫీ కప్పు ఉంది, తాగడం లేదు.

"ఆవిడ లోపల ఉందని తెలుసు," అన్నారు నేల చూస్తూ. "తెలిసే షట్టరు దించాను. జల్లు మీద పడుతోందని. తర్వాత దండెం మీద బట్టలు తీద్దామని వెళ్లి, అటే ఉండిపోయాను."

కోడలు ఆయన వైపు తిరిగింది. కోపం పోలేదు, కానీ ముట్టని ఆ కాఫీ కప్పు చూశాక దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియలేదు.

"మళ్లీ మొదట్నుంచీ చెప్తాను మామయ్యా. వింటారా?"

"చెప్పు."

చెప్పింది. బయటే ఎందుకో, చల్లారే దాకా ఎందుకు ఆగాలో, వాల్వు జోలికి ఎందుకు పోకూడదో, వాన వస్తే పని మానేయడం తప్ప వేరే దారి ఎందుకు లేదో. ఆయన ఒక్కసారి కూడా బస్సు మాట ఎత్తలేదు.

అత్తగారు కోలుకుని ఇంటికి వచ్చారు. మళ్లీ పని మొదలుపెట్టిన రోజు, మామగారు పొద్దున్నే కంప్రెసరును బయటికి తోసి, ఆయిలు చూసి, గాలి ట్యాంకు అడుగున చేరిన నీళ్లు బయటికి వదిలి, కోడలిని పిలిచి చూపించారు.

మిషను బయటే ఉంది. సరిగ్గా వంటింటి కిటికీ కింద ఉంది. లోపల అత్తగారు గిన్నెలు సర్దుకుంటున్నారు.

"మామయ్యా," అంది కోడలు, నుదురు పట్టుకుని. "ఆ కిటికీ."

"బయటే పెట్టమన్నావుగా?"

ఆయన మిషనును చూశారు, సైలెన్సరు ఎటు తిరిగి ఉందో చూశారు, కిటికీలోంచి కనిపిస్తున్న భార్య వీపును చాలాసేపు చూశారు. తర్వాత గొణుక్కుంటూ వంగి, హ్యాండిలు పట్టుకుని, పెరటి చివర ప్రహరీ గోడ దాకా దాన్ని ఈడ్చుకుంటూ పోయారు.

"ఇక్కణ్నించి షెడ్డు దాకా గొట్టం అందదే," అని అక్కణ్నించి కేకేశారు.

"పొడుగు గొట్టం కొంటాను," అంది కోడలు. "మీరు దాన్ని ఇటు తేకండి."