సర్పంచమ్మ చెవి మిషన్లు

ఎనిమిది గ్లాసుల చాయ్ పళ్లెంలో పెట్టుకుని వసంత వాకిట్లోకి అడుగు పెట్టేసరికి మాటలన్నీ మళ్లీ దూరమైపోయాయి. వంటింట్లో ఉన్నంతసేపు అన్నీ వినపడ్డాయి. పాలు పొంగబోయే ముందు గిన్నె అంచున వచ్చే సన్నటి చప్పుడు, పెరట్లో కోడి మట్టి గీకడం, అరుగు మీద మగవాళ్లు కాలువ నీళ్ల గురించి వాదించుకోవడం, అన్నీ. గడప దాటి మొదటి గ్లాసు అందించేలోగా ఎవరో గొంతులన్నిటి మీదా గొంగడి కప్పినట్టయింది. గ్లాసు అందుకున్న పెద్దమనిషి ఆమెను ఏదో అడిగాడు. అలవాటు ప్రకారం ఆమె చిన్నగా నవ్వి తల ఊపింది. అందరూ నవ్వారు. ఏమడిగాడో తెలియదు. పక్కన కూర్చున్న భర్త శాంతయ్య అన్న మాట మాత్రం పెదవుల కదలికను బట్టి పోల్చుకుంది. "మిషిన్లు వెట్టినా చెవుడు పోలే మా ఆమెకు."

పెదవులు చదవడం ఆమె పత్తి మిల్లులో నేర్చుకుంది. గద్వాల దగ్గరి ఆ మిల్లులో పదహారేళ్లు పనిచేసింది. జిన్నింగ్ యంత్రాలు తిరుగుతుంటే పక్కనున్న మనిషి అరిచినా వినపడదు. అందుకని ఆడవాళ్లందరూ ముఖాలు చూసుకుని మాట్లాడుకునేవాళ్లు. మిల్లు మానేసిన తర్వాత కూడా ఆ రొద చెవుల్లోంచి పోలేదు. పోగా పోగా రొద ఒక్కటే మిగిలి తక్కినవన్నీ పోయాయి. పెళ్లిళ్లలో, చావుల్లో, సంఘం మీటింగుల్లో ఆమె నవ్వడం, తల ఊపడం నేర్చుకుంది. మళ్లీ చెప్పండని రెండుసార్లు అడగవచ్చు. మూడోసారి అడిగితే ఎదుటివాళ్ల ముఖం మారిపోతుంది. అత్త సత్తెమ్మ అయితే రెండోసారికే "చెవిటిదాని ముందు శంఖం ఊదినట్టు" అని లేచిపోయేది. ఆ రోజుల్లో శాంతయ్యే దిక్కు. ఎవరేమన్నా ఆయన ఆమె చెవి దగ్గరికి వంగి పెద్దగా చెప్పేవాడు. పది మాటలు ఎవరైనా మాట్లాడితే రెండు మాటలు చెప్పేవాడు. ఆ రెండే ఆమెకు లోకం. తక్కిన ఎనిమిదీ ఏమయ్యాయని ఆమె ఎప్పుడూ అడగలేదు. అంత మాత్రం చెప్పే మొగుడున్నందుకు నువ్వు అదృష్టవంతురాలివని అందరూ అన్నారు. ఆమె కూడా అనుకుంది.

కూతురు శ్రుతి హైదరాబాదులో ఉద్యోగంలో చేరిన రెండో ఏడు, తల్లిని తీసుకుపోయి పరీక్షలు చేయించి ఈ చెవి మిషన్లు కొనిపెట్టింది. చింతగింజలంత ఉంటాయి, చెవి వెనుక ఇమిడిపోతాయి. రాత్రి డబ్బాలో పెడితే చార్జి అవుతాయి. బ్లూటూత్‌తో ఫోనుకు కలుపుకుంటే చప్పుడు పెంచడం, తగ్గించడం ఫోనులోనే చేసుకోవచ్చు. వసంతది బటన్ల ఫోను. అందుకని శ్రుతి వాటిని తండ్రి ఫోనుకు కలిపింది. మొదటి వారంలోనే ఒక చిత్రం జరిగింది. వసంత బియ్యం చెరుగుతుంటే చెవుల్లో గంట మోగి, ఎవడో మగవాడు "శాంతన్నా, పని అయినట్టేనా?" అని అడిగాడు. వాకిట్లో ఉన్న భర్తకు వచ్చిన ఫోను ఆమె చెవుల్లోకి వచ్చింది. ఆమెకు నవ్వాగలేదు. శాంతయ్య నవ్వలేదు. "నాకొచ్చిన ఫోన్లు దీని చెవుల మోగుడేంది" అని అప్పటికప్పుడు కూతురితో గంటసేపు మాట్లాడి అది బందు చేయించాడు. ఏది ఎక్కడ నొక్కాలో ఆయన అంతా ఆ రోజే నేర్చుకున్నాడు.

తర్వాత పంచాయతీ ఎన్నికలు వచ్చాయి. ఊరి సీటు ఆడవాళ్లకు కేటాయించారు. శాంతయ్య ఆమెను నిలబెట్టాడు. గోడలకు అంటించిన కాగితాల మీద ఆయన బొమ్మ పెద్దది, ఆమె బొమ్మ మూలకు. గెలిచింది. గెలిచాక పంచాయతీ ఆఫీసులో సర్పంచు కుర్చీలో ఆయన కూర్చున్నాడు, ఆమె పక్క బెంచీ మీద. కాగితం జరిపి "ఈడ వెట్టు సంతకం" అనేవాడు. ఆమె ఏడో తరగతి చదివింది. కాగితంలో ఏముందో చదువుతూ కూర్చుంటే "ఏం చదువుతవు, చాయ్ వెట్టుపో" అనేవాడు. ఇంటికి వచ్చే పోయే జనం పెరిగారు. పొద్దున లేచింది మొదలు చాయ్, మంచినీళ్లు, కడిగిన గ్లాసులనే మళ్లీ కడగడం. సర్పంచు అయ్యాక ఆమెకు పెరిగిన పని అదొక్కటే.

చెవి మిషన్ల తిప్పలు కూడా అప్పుడే మొదలయ్యాయి. పొద్దున డబ్బాలోంచి తీసి పెట్టుకుంటే మంచిగా వినపడతాయి. చేనుకు పోతే గువ్వ కూత వినపడుతుంది. ఇంటికి నలుగురు వచ్చి కూర్చోగానే పడిపోతుంది. శ్రుతికి ఫోను చేసి చెప్పుకుంది. ఆ పిల్ల ఓపికగా ఒక్కొక్కటే చేయించింది. గులిమి అడ్డం పడిందేమో చూడమంది. చెవిలోకి పోయే మెత్తటి మూతిని బుడ్డ బ్రష్షుతో తుడవమంది. లోపలి చిన్న జల్లెడ మార్పించింది. చార్జి నిండిందా, డబ్బా మీద పచ్చలైటు వచ్చిందా అని అడిగింది. డబ్బాలో పెట్టి పది నిమిషాలాగి తీయమంది. అలా తీసిన ప్రతిసారీ బాగయ్యేది, సాయంత్రానికి మళ్లీ మొదటికి వచ్చేది. చెమట అనుకుంది వసంత. తల మీద కొంగు కప్పుకోవడం వల్లేమో అనుకుంది. చివరికి తప్పు మిషన్లలో లేదు, నాలోనే ఉందనుకుంది. నలుగురిలోకి రాగానే భయంతో చెవులు మూసుకుపోతున్నాయేమోనని కూడా ఒకరోజు అనిపించింది. ఆడదానికి ఏదైనా చెడిపోతే ముందు తననే అనుమానించుకోవడం ఎవరూ నేర్పనక్కరలేదు.

ఈ పరేషాన్ల మధ్య జమ్ములమ్మ మాట్లాడడం మానేసింది. మిల్లులో పదహారేళ్లు పక్క యంత్రం దగ్గర నిలబడిన మనిషి. ఒకే టిఫిన్‌లో తిన్నవాళ్లు. ఓట్ల రోజు తన గేరి వీధుల్లోని ఆడవాళ్లందరినీ వెంటబెట్టుకుని వచ్చిన మనిషి. నెల కింద మరో ఆరుగురితో కలిసి ఇంటికి వచ్చింది. ఒక చేతికి కట్టు కట్టుకుని, రెండో చేత్తో కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏదో చెప్పింది. కొంగు అడ్డం ఉండడంతో పెదవులు కనపడలేదు. ఆనాడు కూడా చెవులు పడిపోయే ఉన్నాయి. శాంతయ్యే మాట్లాడి పంపించాడు. ఏమన్నదని తర్వాత అడిగితే "మురికినీళ్ల మోరీల సంగతి" అన్నాడు. అప్పట్నుంచి నల్లా దగ్గర ఎదురుపడితే జమ్ములమ్మ బిందె ఎత్తుకుని ముఖం తిప్పుకుని పోతోంది.

చివరికి శ్రుతి వనపర్తిలో చెవి పరీక్షలు చేసే ఒక డాక్టరమ్మ అడ్రసు పంపింది. నేనూ వస్తానన్నాడు శాంతయ్య. ఆ పొద్దునే మండలాఫీసు నుంచి సర్పంచును రమ్మని ఫోను వచ్చింది. సర్పంచును రమ్మన్న చోటికి ఆయన పోయాడు. సర్పంచు ఆటోలో గద్వాలకు, అక్కణ్నుంచి బస్సులో వనపర్తికి ఒక్కతే పోయింది.

డాక్టరమ్మ చిన్న వయసుది. ముఖం ఎదురుగా పెట్టి నిదానంగా మాట్లాడింది. అంతకే వసంతకు కళ్లు చెమ్మగిల్లాయి. జల్లెడ చూసింది, మూతి చూసింది, చెవి లోపల దీపం వేసి చూసింది, గదిలో కూర్చోబెట్టి పరీక్ష చేసింది. అన్నీ సరిగానే ఉన్నాయి. తర్వాత మిషన్లను కంప్యూటరుకు కలిపి చాలాసేపు చూసి, అడగాలా వద్దా అన్నట్టు ఆగి అడిగింది.

"అమ్మా, సౌండు మీరే తగ్గించుకుంటున్నారా?"

"నేనెందుకు తగ్గించుకుంట డాక్టరమ్మా? వినవడ్తలేదనే గదా వచ్చిన."

"మిషన్లకు ఏం కాలేదమ్మా. రోజూ ఫోన్లోంచి ఎవరో సౌండును అడుగుదాకా దించుతున్నరు. రాత్రి డబ్బాల పెడితే మళ్ల మామూలైతది. తెల్లారి మళ్ల దించుతున్నరు. ఇందులనే రికార్డు ఉంది. ఆ ఫోను ఎవరి దగ్గరుంటది?"

గోడ మీద చెవి లోపలి నిర్మాణం చూపించే బొమ్మ ఉంది. వసంత దాన్నే చూస్తూ కూర్చుంది. తర్వాత, ఫోను లేకుండా ఇవి పనిచేస్తాయా అని అడిగింది. చేస్తాయి, చెవి వెనుక చిన్న బటన్ ఉంది, దాంతోనే పెంచుకోవచ్చు, ఫోను సౌకర్యం కోసమేనని చెప్పింది డాక్టరమ్మ.

"అయితే ఆ ఫోను వీటికి అందకుంట తీసెయ్యి బిడ్డా," అంది వసంత.

తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుంది. కోపం వస్తుందనుకుంది. రాలేదు. ముందు ఆయన తరఫున తనే వాదించుకుంది. అంతమంది మాటలతో తల నొస్తుందని తగ్గించి ఉంటాడు. పొరపాటున వేలు తగిలి ఉంటుంది. రోజూ తగులుతుందా? నలుగురు వచ్చినప్పుడే తగులుతుందా? చాయ్ ఇచ్చి లోపలికి పోవడమే తప్ప ఆ మాటల్లో కూర్చోనని ఆయనకు తెలుసు. అయినా తగ్గించాడు. ఇన్నేళ్లు తన చెవి దగ్గరికి వంగి చెప్పిన మాటలు ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. "మీ అన్న నీకు భాగం వద్దన్నడు." "మిల్లు సేటు ఇగ రావద్దన్నడు." "అందరు నన్నే మాట్లాడుమన్నరు." వీటిలో నిజమెంత? అన్నను మళ్లీ అడగలేదు. సేటునూ అడగలేదు. లోకం ఆమెకు ఆయన నోట్లోంచి వచ్చేది. మిషన్లు వచ్చి ఆయన చేతిలోంచి ఆ పని లాక్కున్నాయి. ఆయన దాన్ని వేలితో వెనక్కి తెచ్చుకున్నాడు. ఇది అర్థమయ్యేసరికి బస్సు గద్వాల చేరింది. అందరూ దిగిన తర్వాత కూడా ఆమె సీట్లోనే ఉంది. కండక్టరమ్మ వచ్చి పిలిచింది. ఆ పిలుపు ఒక్కసారికే వినపడింది.

ఊళ్లో ఆటో దిగి ఇంటికి పోలేదు. జమ్ములమ్మ ఇంటికి పోయింది. జమ్ములమ్మ రమ్మనలేదు, పొమ్మనలేదు. వసంత గడప దగ్గరే కూర్చుని, నెల కింద ఏం చెప్పడానికి వచ్చినవో జర మళ్ల చెప్పమంది.

"మళ్లేంది? నీ ముందటనే చెప్పిన గదా."

"నాకు వినవడలే జమ్ములమ్మా. ఒక్క ముక్క వినవడలే. ఒట్టు."

జమ్ములమ్మ చాలాసేపు ఆమె ముఖంలోకి చూసింది. తర్వాత చెప్పింది. బడికి పోయే తోవలో భీమయ్య దొంగచాటుగా మందు అమ్మే బెల్టు షాపు పెట్టాడు. గేరిలోని మగపిల్లలు పొద్దుగాలనే అక్కడ కూర్చుంటున్నారు. జమ్ములమ్మ చిన్న కొడుకు అక్కడే మరిగి, ఒకరోజు తాగొచ్చి తల్లిని తోసేస్తే చెయ్యి విరిగింది.

"అది తీపియ్యమని అడగనీకె వచ్చినం. సర్పంచుకు తెల్సే నడుస్తుంది, కావాల్నంటే ఆమెనే అడుగుమన్నడు మీ ఆయన. మా వాడు విరగ్గొట్టిండని ఈ చెయ్యి నీ ముందట వెట్టిన. నువ్వు నవ్వుకుంట తల ఊపినవ్."

కట్టు విప్పినా ఇంకా వంకరగా ఉన్న ఆ చెయ్యి వసంత పట్టుకుని కూర్చుంది. లేచేటప్పుడు, శుక్రవారం గ్రామసభ ఉంది, అందరినీ తీసుకుని రమ్మని మాత్రం చెప్పింది.

ఇంటికి వచ్చాక, డాక్టరమ్మ ఏం చెప్పిందని శాంతయ్య అడిగితే తుడిచి ఇచ్చిందని చెప్పింది. మర్నాడు సాయంత్రం భీమయ్య వచ్చాడు. నీళ్ల చెంబు తీసుకుని వస్తుంటే భర్త తొడ మీదున్న ఫోనుపై బొటనవేలు కిందికి జారడం చూసింది. ఫోను తెర మీద, మిషన్లు కలవడం లేదని ఇంగ్లీషులో రాసి వచ్చే ఉంటుంది, ఆయన దాన్ని చదివే రకం కాదు. చప్పుడు తగ్గలేదు. ఆమె చెంబు పెట్టి, ఎప్పటిలాగే నవ్వి, అక్కడే కూర్చుని చిక్కుడుకాయలు ఒలవసాగింది.

"సభల ఆడోళ్లు షాపు సంగతి తీస్తరంట గద శాంతన్నా," అన్నాడు భీమయ్య.

"తియ్యనీ. ఈమెతోని ఊపిస్త. ఈమెకు ఏం చెప్పినా తల ఊపుతది. గిట్ల ఉన్నందుకే గదా నిలవెట్టింది," అన్నాడు శాంతయ్య.

ఇద్దరూ నవ్వారు. వసంత చేతిలోని చిక్కుడుకాయ ఈనె తీసి గిన్నెలో వేసింది. ఇరవై ఆరేళ్ల కాపురంలో ఆయన తన గురించి మాట్లాడిన మాట నేరుగా వినడం అదే మొదటిసారి.

శుక్రవారం పంచాయతీ ఆఫీసు ముందు షామియానా వేశారు. జమ్ములమ్మతో పాటు గేరిలోంచి ముప్పై మంది ఆడవాళ్లు వచ్చి ముందు వరసలో కూర్చున్నారు. శాంతయ్య కుర్చీని ఆమె కుర్చీకి ఆనించి వేసుకున్నాడు, ఫోను చేతిలోనే ఉంది. జమ్ములమ్మ లేచి షాపు మాట ఎత్తింది. ఈసారి కొంగు నోటికి అడ్డం పెట్టుకోలేదు. చెప్పడం పూర్తి కాకముందే శాంతయ్య వేలు కిందికి జారింది. ఆయన వసంత చెవి దగ్గరికి వంగి "ఏం లేదు, మోరీల సంగతే" అని చెప్పి, లేచి నిలబడి గొంతు సవరించుకున్నాడు.

"సర్పంచు మాట ఏందంటే, ఆ షాపుతోని ఊరికి వచ్చిన నష్టం ఏం లేదు..."

"నేనింక ఏం అనలే," అంది వసంత.

అంత గట్టిగా అంటుందని ఆమె కూడా అనుకోలేదు. షామియానా గుడ్డ గాలికి కొట్టుకోవడం కూడా ఆమెకు వినపడింది. శాంతయ్య ఫోను వంక చూశాడు. ఇంకోసారి వేలు జార్చాడు. తర్వాత ముఖం పక్కకు తిప్పి, పెదవులు కదలకుండా, పళ్ల మధ్య నుంచి "ఇంటికి రా, చెప్త" అన్నాడు.

వసంత ఆయన వైపు తిరిగింది. "గది గూడ వినవడ్డది," అంది. తర్వాత పంచాయతీ కార్యదర్శిని కాగితం తీసుకుని రాసుకోమని, జమ్ములమ్మను మొదటి నుంచి చెప్పమంది.