కాలువ అవతలి దగ్గు

తల్లులు పోయిన ఒరాంగుటాన్ పిల్లలను సాకడం మా కొలువు. నాతో పనిచేసే రుస్నానీ అక్క చంకనెక్కిన ఆడకూనకు గెతా అని పేరు పెట్టాం, మా భాషలో చెట్టు జిగురు అని. పట్టుకుంటే వదలదు మరి. అక్క గుండెల మీద తప్ప ఎక్కడా పాలు ముట్టదు.

ఆ ఏడు అడవులు తగలబడి కహాయన్ ఏరంతా పొగ కమ్మేసింది. అందరం దగ్గాం. పొగ పోయింది కానీ అక్క దగ్గు పోలేదు. మనుషుల జబ్బులు ఈ పిల్లలకు ఇట్టే అంటుకుంటాయి, అందుకే దగ్గేవాళ్ళు ఇక్కడి డాక్టరమ్మకు చెప్పి తీరాలి, జబ్బని తేలితే ఇంటికి పంపేస్తారు.

"నోరు మూసుకుని ఊరుకో అక్కా. నువ్వెళ్తే అది పస్తులుండి చస్తుంది," అన్నాను.

"నేనుంటే నా జబ్బుతో చస్తుందే, లెన్సీ."

"మొగుడు పోయినప్పుడు కూడా ఇంత మొండిగా లేవు!"

"నా జబ్బు దానికి అంటుతుందంటే అదీ మనలాంటిదనేగా? రాయికి అంటుతుందా?"

తానే వెళ్ళి చెప్పుకుంది. క్షయ అని తేలింది. అక్కను ఇంటికి పంపేశారు. గెతాకూ నాకూ పరీక్షలు చేశారు, మాకు అంటలేదు. అక్క వాసనకైనా గెతా తాగుతుందని చొక్కా అడిగితే, డాక్టరమ్మ దాన్ని సబ్బునీళ్ళలో ఉడికించి ఇచ్చింది, నాకు ఒళ్ళు మండింది. అది వేసుకుని ఎత్తుకుంటే గెతా వాసన చూసి మొహం తిప్పుకుంది. సీసా విసిరికొట్టింది. రోజురోజుకూ నా చేతుల్లో తేలికైపోతుంటే భయమేసింది.

ఒక సాయంత్రం పాలు పట్టబోతుంటే మా పక్కనున్న కాలువ అవతల అక్క కనిపించింది, మూతికి గుడ్డ కట్టుకుని.

"దాన్ని అటు తిప్పవే. నన్ను చూస్తే ఆగదు."

తిప్పాను. ఇంతలో అక్కకు దగ్గు తెర వచ్చింది. గెతా కదలకుండా విన్నది. ఆ దగ్గుకు అదిరే గుండెల మీదే కదా ఇన్నాళ్ళూ నిద్రపోయింది! మెల్లగా సీసా నోట పెట్టుకుంది.

"తాగుతోందా?"

"తాగుతోంది. నువ్వు దగ్గు అక్కా!"

"పోవే, దగ్గమంటే వస్తుందా?" అని నవ్వబోయి మళ్ళీ దగ్గింది.

ఆ తర్వాత రోజూ వచ్చి అక్కడే నిలబడేది. ఒక్క అడుగు కూడా ఇవతలికి వేయలేదు. జబ్బు అప్పటికే ముదిరిపోయింది, మందులు పనిచేయలేదు. వానలు మొదలయ్యాక రావడం మానేసింది. పోయిందని కబురు వచ్చింది. వంటపాకలో కూర్చుని గుండె పగిలేలా ఏడ్చాను.

పాలవేళకు గెతా సీసా పట్టుకుని కాలువ వైపు చెవి పెట్టి కూర్చుంది. ఏం చెయ్యను? దొంగ దగ్గు దగ్గాను.

అది తలెత్తి నా మొహంలోకి చూసింది. వేలితో నా పెదాలు తడిమింది. మోసపోలేదు. అయినా నా జుట్టు పిడికిట పట్టుకుని, తాగింది.