కారుకి బస్సు మలుపు

మా అమ్మాయి డ్రైవింగ్ పరీక్ష తప్పిందంటే కారణం మా ఆయనే. ఈ మాట ఆయన ముందే అంటాను, చాటున అనాల్సిన ఖర్మ నాకేం పట్టలేదు. మా ఆయన సిటీ బస్సు డ్రైవరు. వీధిలో అందరూ డ్రైవరుగారు అంటారు. కోపం వచ్చినప్పుడు నేనూ అలాగే అంటాను. ఇంత సర్వీసులో ఒక్క యాక్సిడెంటు చేయలేదు, ఒక్కరి చేత వేలెత్తి చూపించుకోలేదు. ఆ పొగరు కాస్త ఉంది. ఉంటే ఉండనివ్వండి, కష్టపడి సంపాదించుకున్న పొగరే. కానీ ఆ పొగరుతోనే, "ఇంట్లో నేనుండగా దానికి డ్రైవింగ్ స్కూలెందుకు?" అన్నారు. అక్కడే కొంప మునిగింది.

అమ్మాయి నర్సు. పెద్దాసుపత్రిలో, ఒక హాలు నిండా మంచాలున్న వార్డులో పనిచేస్తుంది. ఇంటికొచ్చేసరికి మాట్లాడే ఓపిక కూడా ఉండదు. అలాంటిది, మంచాన పడ్డవాళ్ళ ఇళ్ళకే వెళ్ళి చూసుకునే నర్సుల సంస్థ ఒకటి దాన్ని ఉద్యోగానికి ఎంచుకుంది. కారు సంస్థదే. నడపడం రావాలి, లైసెన్సు ఉండాలి. ఈ నెల ఆఖరి శుక్రవారం ఆఫీసు మూసేలోపు లైసెన్సు తెచ్చి చూపిస్తే ఉద్యోగం దానిది, లేకపోతే వరసలో ఉన్న ఇంకొకరిది. అదీ సంగతి.

నా తమ్ముడు వేరే ఊరికి మారిపోతూ తన పాత చిన్న కారు మాకు వదిలి వెళ్ళాడు. సెలవు దొరికినప్పుడల్లా మా ఆయన కూతురి పక్కన కూర్చుని నేర్పించారు. ఎక్కడనుకున్నారు? రోజూ తను బస్సు నడిపే రూట్లోనే! ఆ రోడ్డు మీద ప్రతి గుంటా ఆయనకి చుట్టమేనట, అమ్మాయికి ఇబ్బంది ఉండదట. నేను బట్టలు సరిచేసే కొట్టు నడుపుతాను, ఇంటి ముందు గదిలోనే. పొడుగైన ప్యాంట్లు కురచ చేయడం, పాడైన జిప్పులు మార్చడం, లావైనవాళ్ళకి కుట్లు విప్పి వదులు చేయడం. మిషను ముందు కూర్చుని ఆ తండ్రీకూతుళ్ళు దర్జాగా వెళ్ళడం చూసి, పోనీలే, సరదాగా ఉన్నారు అనుకున్నాను. లోపల ఏం జరుగుతోందో నాకేం తెలుసు?

పరీక్ష రోజున తెలిసింది. వచ్చీ రాగానే చెప్పులు కూడా విప్పకుండా మంచం మీద బోర్లా పడింది.

"ఏమైందే?"

"బస్‌స్టాపు దగ్గర కారాపాను."

"ఎందుకు?"

"అక్కడ జనం నిలబడి ఉన్నారమ్మా! నాన్న ఎప్పుడూ అక్కడ స్లో చేయమంటాడు. కాలు దానంతటదే బ్రేకు మీదికి పోయింది. పరీక్ష పెట్టేవాడు అద్దంలోంచి వెనక సీటు చూసి, 'ఎక్కించుకుందామా అమ్మా? ముగ్గురికి చోటుంది' అన్నాడు."

నవ్వాపుకోలేక నేను వంటింట్లోకి పారిపోయాను. కానీ పరీక్ష తప్పింది బస్‌స్టాపు వల్ల కాదు, మలుపుల వల్ల. సందులోకి తిరగమంటే అది ముందు అవతలి వైపుకి వెడల్పుగా పోయి, పక్కవాళ్ళ లైను సగం మింగేసి, మూల దాటాక అప్పుడు గిర్రున తిప్పిందట. వెనకొస్తున్న మోటారు సైకిలువాడు వినకూడని మాటలన్నీ అన్నాడట. రెండోసారీ అంతే. మూడో మలుపు దగ్గర పరీక్ష పెట్టేవాడు, "ఇక చాలమ్మా, దిగు" అన్నాడట.

సాయంత్రం డ్యూటీ దిగి వచ్చిన మా ఆయనకి విషయం చెప్తే ఒప్పుకోరే! "మలుపంటే అలాగే తిప్పాలి. లేకపోతే వెనక చక్రాలు లోపలికి కోసుకొచ్చి పేవ్‌మెంట్ ఎక్కవూ? డిపోలో కొత్త కుర్రాళ్ళందరికీ నేనే నేర్పించాను. ఆ పరీక్ష పెట్టేవాడికేం తెలుసు?"

సరిగ్గా అప్పుడే మా తమ్ముడు ఫోను చేశాడు. సంగతి విని, "అక్కా, బావ ఆ కారులో కండక్టర్ని కూడా పెట్టాడా? నేనెక్కితే టిక్కెట్టు కొట్టాలా?" అన్నాడు. ఫోను స్పీకరు మీద ఉంది. మా ఆయన కంచం ముందు నుంచి లేచిపోయారు.

అమ్మాయి మాత్రం నవ్వలేదు. "నాన్నా, నువ్వింక నా పక్కన కూర్చోవద్దు" అంది. గట్టిగా అనలేదు, కసురుకోనూ లేదు. మామూలుగానే అంది. అందుకే ఆయనకి ఎక్కువ తగిలింది. ఆ తరవాత ఇద్దరి మధ్యా మాటల్లేవు. నీళ్ళ గ్లాసు కావాలన్నా నా ద్వారానే అడుక్కోవడం. ఇంట్లో నేనొక పోస్టాఫీసుని అయిపోయాను.

ఆ ఆఖరి శుక్రవారానికే మళ్ళీ పరీక్షకి తేదీ దొరికింది. ఈలోగా పాత అలవాటు పోవాలి. నేర్చుకునేవాళ్ళు ఒంటరిగా నడపకూడదు, పక్కన లైసెన్సున్న మనిషి ఉండాలి. ఊళ్ళో లైసెన్సున్న మనిషి ఇంకెవరున్నారా అని అమ్మాయి ఆలోచిస్తుంటే, "నాకుంది కదే!" అన్నాను.

నవ్వకండి. నిజంగానే ఉంది. తమ్ముడు కారు కొన్న కొత్తలో వాడి దగ్గరే నేర్చుకుని, మొదటిసారే పాసయ్యాను. ఆ తరవాత స్టీరింగు నా చేతికి ఎవరిచ్చారు గనక? "రోడ్లు బాగాలేవు, తరవాత చూద్దాం" అనేవారు డ్రైవరుగారు. ఆ రోడ్లు ఇప్పటిదాకా బాగుపడలేదు.

"సరే, కూర్చో. కానీ మాట్లాడకూడదు" అంది అమ్మాయి.

నన్ను! మాట్లాడొద్దని! పోనీ అని మొదటి వీధి దాకా నోరు బిగబట్టుకున్నాను. అప్పటికే కడుపు ఉబ్బిపోయింది. గోడౌన్ల వెనక ఖాళీ రోడ్డు మీదికి రాగానే అది మళ్ళీ మలుపు దగ్గర పడవలా అవతలికి పోయింది. ఇంక ఆగలేకపోయాను.

"ఎందుకే అంత దూరం పోతావ్?"

"వెనకాల ఉన్నది రావాలి కదా."

"వెనకాల ఏముంది?"

అది కారు పక్కకి తీసి ఆపి, దిగి, వెనక్కి వెళ్ళి నిలబడింది. నేనూ దిగాను. వెనక సీటు, దాని వెనక డిక్కీ, అందులో ఒక టైరు. అంతే. అక్కడితో కారు అయిపోయింది. అది చెయ్యి చాపి కారు వెనక భాగాన్ని తడిమి, నడుం పట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది. "అమ్మా, ఇన్నాళ్ళూ నేను బస్సంతా మోసుకుని తిరుగుతున్నానే!" అంది. నడిరోడ్డు మీద తల్లీకూతుళ్ళం పిచ్చివాళ్ళలా నవ్వాం. గోడౌను కాపలావాడు బయటికొచ్చి చూసి, మళ్ళీ లోపలికి పోయాడు.

నవ్వినంత మాత్రాన అలవాటు పోతుందా? చేతులకి పట్టిన అలవాటు ఒక పట్టాన వదలదు. రోజూ సాయంత్రం కొట్టు మూసి, ఒళ్ళంతా అంటుకున్న దారప్పోగులు దులుపుకుని, దానితో బయల్దేరేదాన్ని. నాకేం తెలియదు కాబట్టి ప్రతిదీ అడిగేదాన్ని. అది విసుక్కుంటూనే ప్రతిదీ చెప్పేది. "ఇప్పుడు అద్దం చూశాను. ఇప్పుడు లోపలి అంచు పట్టుకుని తిరుగుతున్నాను." నాకు చెప్పడం కోసం చేస్తున్న పనిమీద మనసు పెట్టాల్సి వచ్చేది. అలా మలుపులు నెమ్మదిగా చిన్నవయ్యాయి. ఒకటి బాగా వస్తే ఇంకొకటి పాత దారి పట్టేది. "స్టాపొచ్చిందా డ్రైవరుగారూ?" అని నేను ఏడిపించేదాన్ని.

ఆ ప్రయాణాల్లో నాకు దొరికినవి ఒకటా రెండా? కిటికీ అద్దం దించితే మొహానికి తగిలే గాలి. ఒళ్ళో వేరుశెనక్కాయల పొట్లం. వలిచి గింజలు దాని నోట్లో పెడుతుంటే, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా పిల్లప్పటిలా నోరు తెరిచేది. అన్నిటికంటే ముఖ్యం, అది మాట్లాడింది. ఎదురుగా కూర్చోబెట్టి "ఎలా ఉన్నావే?" అంటే "బానే ఉన్నా" అనే పిల్ల, చూపు రోడ్డు మీద ఉండేసరికి అన్నీ చెప్పుకొచ్చింది. ఒకరోజు వార్డులో ఒక పెద్దావిడ దాని చెయ్యి పట్టుకుందట. "కాసేపుండమ్మా" అందట. ఇంకో మంచం నుంచి పిలిస్తే "ఇప్పుడే వస్తా" అని చెయ్యి విడిపించుకుని వెళ్ళిందట. తిరిగొచ్చేసరికి ఆవిడ లేదు.

"ఇంటింటికీ వెళ్ళే పనైతే ఒకళ్ళ దగ్గర కూర్చోవచ్చమ్మా. నన్నింకెవరూ పిలవరు. అందుకే నాకీ ఉద్యోగం కావాలి" అంది.

నేను గింజలు వలవడం ఆపేశాను. జీతం కాస్త ఎక్కువ కాబోలు, అందుకే పట్టుబడుతోంది అనుకున్నాను అంతవరకూ. కన్నతల్లిని, నాకే తెలియదు. దాని భుజం మీద చెయ్యి వేశాను. "అమ్మా, గేరు మార్చాలి, చెయ్యి తియ్" అంది.

మా ఆయన సంగతి చెప్పాలి. మాటలైతే లేవు గానీ, రోజూ డ్యూటీకి పోయే ముందు ఆ కారు తుడిచేవారు. టైర్లలో గాలి చూసేవారు. అమ్మాయి అద్దం సరిచేసుకున్న కోణం కదలకుండా, చుట్టూ గుడ్డతో ఒత్తి తుడిచేవారు. ఒకసారి కిటికీలోంచి అమ్మాయీ చూసింది.  ఆ రాత్రి నీళ్ళ గ్లాసు తనే తీసుకెళ్ళి నాన్న పక్కన పెట్టింది.

శుక్రవారం వచ్చింది. ఆయన సెలవు పెట్టారు. "నేను రావచ్చునా అని అడుగు దాన్ని" అన్నారు నాతో, అది పక్కనే నిలబడి ఉండగా. "వెనక సీట్లో అయితే రావచ్చని చెప్పు" అంది అది. దారంతా ఆయన వెనక సీట్లో గుడ్లు మిటకరించుకుని కూర్చున్నారు. మలుపులొచ్చినప్పుడల్లా నా సీటు వెనక ఆయన మోకాలు గుచ్చుకునేది గానీ, నోట్లోంచి మాట రాలేదు. ఆయన్ని అంతలా మెచ్చుకోవాలనిపించడం చాలా కాలం తరవాత అదే మొదటిసారి.

ఈసారి పరీక్ష రోడ్డు మీద కాదు, మైదానంలో. చుట్టూ ఇనుప కంచె. పోయినసారి మనిషే పరీక్ష పెడుతున్నాడు. మేమిద్దరం కంచె పట్టుకుని నిలబడ్డాం. మొదటి మలుపు బాగా తిరిగింది. రెండోదీ బాగానే తిరిగింది. మూడోది ఇరుకు సందులా గీతలు గీసిన చోటు. అక్కడికి రాగానే కారు ముందు భాగం అవతలికి వాలినట్టనిపించింది. నా పై ప్రాణాలు పైనే పోయాయి. మా ఆయన పెదాలు కదులుతున్నాయి. "లోపలికి, లోపలికి తల్లీ, వెనకాల ఏమీ లేదు." జీవితమంతా బస్సు నడిపిన మనిషి అలా గొణుగుతున్నారు. కారు ఒక్క క్షణం తటపటాయించింది. తరవాత లోపలి గీత వెంబడే, దాన్ని తొక్కకుండా తిరిగి వచ్చేసింది.

పాసయింది. లైసెన్సు కాగితం మీద ముద్ర పడేసరికి మధ్యాహ్నం దాటింది. అది పరిగెత్తుకుంటూ వచ్చి ముందు వాళ్ళ నాన్నని కావలించుకుంది. నాకు కోపం రాలేదు. వచ్చిందిలెండి, కొంచెం.

"ఇప్పుడు నేనొక్కదాన్నే నడపొచ్చు. ఒక్క చుట్టు తిరిగొస్తా, ఇక్కడే ఉండండి, ఆఫీసుకి కలిసే పోదాం" అంది. అప్పుడు తట్టింది నాకు. ఒక్కదాన్నే అంటే పక్క సీట్లో ఇంక నా అవసరం లేదు. ఇన్నాళ్ళూ ఏది కావాలని మొక్కుకున్నానో అదే దొరికింది, దొరికాక లోపల ఏదో చివుక్కుమంది. ఆ సాయంత్రాలు అయిపోయాయి. తప్పినా బాగుండేదేమో అని ఒక పాపిష్టి ఆలోచన కూడా వచ్చి పోయింది. కన్నవాళ్ళకి ఇలాంటివి రావని ఎవరైనా అంటే నమ్మకండి.

ఒక్క చుట్టు అన్న పిల్ల ఎంతకీ రాలేదు. ఫోను చేస్తే ఎత్తలేదు. మైదానంలో కార్లు ఒక్కొక్కటిగా వెళ్ళిపోయాయి. మా ఆయన గేటు దాకా వెళ్ళడం, రావడం. "నడిపేటప్పుడు ఎత్తదులే, మంచిదే" అంటారు, మళ్ళీ తనే చేస్తారు. నేను దేవుళ్ళందరినీ పేరుపేరునా పిలిచేశాను. మైదానం కాపలావాడు గేటుకి గొలుసు వేస్తుండగా మోగింది ఫోను.

"అమ్మా! వచ్చింది! ఉద్యోగం వచ్చింది! మూల తిరుగుతుంటే, లైసెన్సు ఏమైందని ఆఫీసు నుంచి ఫోనొచ్చింది. పక్కకి ఆపి ఎత్తాను. అక్కడి పెద్ద మేడమ్ ఇవాళ తొందరగా ఇంటికెళ్ళిపోతారట, ఇప్పుడే రమ్మన్నారు. అటునుంచి అటే వెళ్ళిపోయాను. సోమవారం నుంచి రమ్మన్నారు. మొదట చూడాల్సిన తాతగారి గురించి కూడా చెప్పారు." అక్కడ ఆగింది. "అమ్మా, మీరెక్కడున్నారు?"

"నువ్వు వదిలేసిన చోటే" అన్నాను.

"అయ్యయ్యో! మర్చేపోయాను! అమ్మా, సారీ అమ్మా! వస్తున్నా, అక్కడే ఉండండి."

"ఏం రావక్కర్లేదు. ఆ తాతగారి గురించి అన్నీ కనుక్కుని నెమ్మదిగా రా. మేం బస్సులో పోతాం" అన్నాను.

బస్సులో జనం పెద్దగా లేరు. మా ఆయన కిటికీ సీటు నాకిచ్చి పక్కన కూర్చున్నారు. పెళ్ళైనప్పటి నుంచి ఆయన బస్సెక్కాను గానీ, బస్సులో ఆయన పక్కన కూర్చోవడం అదే మొదటిసారి. చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియక మోకాళ్ళ మీద పెట్టుకున్నారు.

"కన్నవాళ్ళనే మర్చిపోయింది, చూశావా?" అన్నారు.

"మర్చిపోనివ్వండి" అన్నాను. అనగానే ఏడుపొచ్చేసింది. కొంగుతో తుడుచుకున్నా ఆగలేదు.

"ఏడుస్తావెందుకే? అది అనుకున్నది దొరికింది కదా?"

"అందుకే."

ఆయన మోకాలి మీది చెయ్యి తీసి నా చేతి మీద వేశారు. మా స్టాపు దగ్గర బస్సు ఆగింది. ఆయన లేవబోయారు.

"ఇంటికెళ్తే ఎవరున్నారు ఇప్పుడు?" అన్నాను. "చివరి దాకా పోదాం."

ఆయన మళ్ళీ కూర్చున్నారు.